తేట నీళ్లను నమ్మని సారు

కెమిస్ట్రీ సారు పోయారని మొన్న పొద్దున కాలేజీ అటెండరు వచ్చి చెప్పాడు. ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీలు అలాగే వదిలేసి ఆయన ఇంటికి పోయాను. వచ్చినప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

సిద్దిపేటలో నాది బ్యాటరీల షాపు. సారు నాకు పాఠం చెప్పలేదు. ఏదో ప్రయోగానికి ట్రాక్టరు బ్యాటరీ కిరాయికి కావాలని వచ్చి పరిచయమయ్యారు. స్టూలు వేసినా ఏనాడూ కూర్చోలేదు. చాయ్ సగం తాగి మిగతాది మరిచిపోయేవారు. ఏం చెప్పినా ఒకటే ప్రశ్న: "నీకెట్ల ఎర్క?" వాన వచ్చేటట్టుందన్నా అదే. నాకు ఒళ్లు మండేది.

నంగునూరు దిక్కు ఒక పల్లెలో తాగే నీళ్ల బావి పత్తి చేన్ల మధ్య ఉంది. ఒక వానకాలం ఆ నీళ్లు పురుగుల మందు వాసన కొట్టాయి. జనం మైలు దూరం బోరింగుకు నడవడం మొదలుపెట్టారు. నీళ్లలో ఇనుప రేకులు దించి కరెంటు పెడితే రేకులు కరిగి తుప్పు దిగుతుంది, ఆ తుప్పు మందును పట్టుకుపోతుందని సారు ఆశ. నా బ్యాటరీ, నా స్కూటరు. ఊరంతా చూస్తుండగా బకెట్లో రేకులు దించాం. ఎర్రటి మడ్డి తేలింది. వడగడితే నీళ్లు తేటగా వచ్చాయి.

"గిదే మందు, సూడుండ్రి," అని గొంతు పెంచింది నేనే. అది రేకుల తుప్పని సారుకు తెలుసు. అయినా సంతోషంలో తల ఊపారు. అందరినీ అడిగే ప్రశ్న ఆ రోజు తనను తాను అడగలేదు. బ్యాటరీ వాళ్లకే ఇచ్చి వచ్చాం. బోరింగుకు పోయేవాళ్లను మళ్లీ బావికి తెచ్చింది మేమే.

మూడో రోజు సారు షాపుకు రెండు సీసాలు తెచ్చారు. ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఒకదాంట్లో మేము తేటపరిచిన బావి నీళ్లు. రెంటిలోనూ నీళ్లలో ఈదే దోమ పిల్ల పురుగులు వేశారట. నల్లా నీళ్లలోవి ఈదుతున్నాయి. బావి నీళ్లలోవి అన్నీ చచ్చాయి.

"స్కూటరు తియ్యి," అన్నారు.

"గిప్పుడు పోయి తప్పయిందంటే మనల్ని ఎవలు నమ్ముతరు సారూ? నాలుగు దినాలు ఆగి చెప్పుదాం."

"పరువు పోతే మనిద్దరిదే పోతది. నీళ్లు తాగేది ఊరు."

ఇంటింటికీ తిరిగారు. "తప్పు నాది. ఆ నీళ్లు తాగకుండ్రి," అని చెప్పారు. కొందరు మొహం మీదే తిట్టారు. చివరి ఇంట్లో నెలలు నిండిన ఒక కోడలు, "మూడు దినాలసంది గవే తాగుతున్న సారూ. ఏమన్న అయితదా?" అని అడిగింది. సారు గడపలో అలాగే నిలబడిపోయారు. ఆయనను అట్లా చూడడం నాకు చాలా కష్టమైంది.

తర్వాత ఏళ్ల తరబడి ఆ ప్రయోగాన్ని వదల్లేదు. ఇనుము తీసేసి, పాత టార్చి సెల్లుల్లోని బొగ్గు కడ్డీలు పెట్టారు. ఉప్పు కలిపారు. ఒకసారి పురుగులు రెండు రోజులు బతికాయని నేను సంబరపడితే, "రెండు దినాలే గదా," అన్నారు. ఆ నీళ్లు ఎవరికీ ఒక గ్లాసు కూడా ఇవ్వలేదు.

ఆ కోడలికి ఆడపిల్ల పుట్టింది. బాగానే పుట్టింది. అయినా సారు నెలకోసారి ఆ ఊరికి పోదామనేవారు. నేను గడప బయట స్కూటరు దగ్గరే ఉండేవాణ్ని. లోపల ఏం చేసేవారో ఎన్నడూ అడగలేదు.

నిన్న కబురు చెప్పడానికి నేనే పోయాను. ఆ తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏం గాలే సారూ అంటే ఇనకపోతుండె. అచ్చినప్పుడల్ల, మందు బిడ్డ ఒంట్లకేమన్న దిగిందేమో అని కండ్లు చూసి పోతుండె," అంది.

ఇంతలో బడి నుంచి పిల్ల వచ్చింది. నా స్కూటరు చూసింది, నన్ను చూసింది. సంచి కింద పెట్టి, ఎవరూ చెప్పకుండానే వెలుతురు వైపు తిరిగి, రెండు వేళ్లతో రెప్పలు పైకెత్తి నా ముందు నిలబడింది.

ఏం చూడాలో నాకు తెలియదు. అయినా వంగి, చాలాసేపు చూశాను.