పద్మావతి మేడం చేసిన పాటల డబ్బా

కడపలో నేను పనిచేసే బడిలో కంప్యూటర్ల గది వరండా చివరన ఉంటుంది. మొన్న వేసవి సెలవులయ్యాక ఆ గది తలుపు తెరిచి, దుమ్ము దులిపి, ఒక్కో కంప్యూటరూ ఆన్ చేస్తూ పోయాను. చివరి బల్ల మీద ఎప్పటిదో పాతది ఒకటుంది. పారేయడానికి ఎవరికీ మనసొప్పక అలాగే ఉండిపోయింది. మీట నొక్కగానే లోపలి ఫ్యాను కాసేపు గరగరలాడింది, తర్వాత సర్దుకుంది, ఆ వెంటనే 'కీ'మని ఒక్క కూత కూసింది. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పద్మావతి మేడం పోయి ఇన్నేళ్లయినా, ఆ ఫ్యాను చప్పుడు వింటే ఆమె పక్క గదిలో ఉన్నట్టే అనిపిస్తుంది.

మేడంది కర్నూలు పాతబస్తీ, హంద్రీ ఒడ్డుకు దగ్గర్లో ఒక పాత మట్టిమిద్దె. ముందు వైపు బట్టల అంగడి, వెనక ఇల్లు. భర్త ఉన్నంతకాలం ఆమె అంగడిలోకి వచ్చింది లేదట. ఆయన ఉన్నట్టుండి గుండె ఆగి పోయాక, అంగడిని బాడుగకిచ్చి ఇంట్లో కూర్చోమని చుట్టాలంతా చెప్పారు. ఆమె వినలేదు. నలభైకి దగ్గర పడుతున్న వయసులో కంప్యూటర్ నేర్చుకుని, తానులు పేర్చే అరలు తీయించి, అక్కడ కంప్యూటర్ల సెంటరు పెట్టింది. పెళ్లిపత్రికలు చేసేది, పిల్లలకు పాఠాలు చెప్పేది, చెడిపోయిన వాటిని తనే విప్పి బాగు చేసేది. ఆ వీధిలో ఒక కోమట్ల ఇంటి ఆడమనిషి స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చోవడం అప్పట్లో పెద్ద వింత.

మాది కోడుమూరు. మా నాయన మగ్గం నేసేవాడు. డిగ్రీ పూర్తయ్యాక, రెండువేల రెండులో అనుకుంటాను, పని అడగడానికి ఆమె దగ్గరికి వెళ్లాను. సర్టిఫికెట్లు తీయబోతే వద్దని, తను విప్పి పెట్టుకున్న కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. లోపల చిక్కులు చిక్కులుగా వైర్లు.

"దీన్ని చూస్తే భయమైతాందా?" అని అడిగింది.

"అవుతాంది మేడం" అన్నాను.

"నాకూ అయ్యేది. మా ఆయన పోయినాక ఈ అంగట్లోకి కాలు పెట్టాలంటే ఇంతకంటే శానా భయమయ్యేది. చెయ్యి పెట్టు. ఏం కాదు."

చెయ్యి పెట్టాను. ఆ రోజు నుంచి ఆమె అక్కడున్నంతకాలం నేనూ అక్కడే పనిచేశాను.

వెనక ఇంట్లో ఆమె అత్తగారు ఉండేది. సుబ్బరత్నమ్మ. నేను అవ్వా అని పిలిచేదాన్ని. చక్కెర జబ్బుతో ఆమెకు రెండు కళ్లూ పోయాయి. అత్తాకోడళ్లు ఇద్దరూ భర్తలు లేనివాళ్లే. ఒకే మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేవాళ్లు. అవ్వకు పాటలంటే ప్రాణం. హరికథలు, మంగళహారతులు, పద్యనాటకాలు, పాత సినిమా పాటలు అన్నీ కేసెట్లే, ఒక ట్రంకుపెట్టె నిండా. కళ్లున్నప్పుడు ఏ కేసెట్టు ఎక్కడుందో ఆమెకు తెలిసేది. చూపు పోయాక చేతికొచ్చింది పెట్టేది. హారతి వినాలని కూర్చుంటే బుర్రకథ వచ్చేది. ఎండలకు సాగిపోయిన టేపు యంత్రంలో చుట్టుకుపోయి తెగేది. అప్పుడు "పద్మా, ఓ పద్మా" అని కేక. మేడం పాఠం ఆపి లోపలికి పరిగెత్తేది. రోజుకు ఎన్నిసార్లని! నాకు కొంచెం చిరాకుగా ఉండేది గాని, మేడం ముఖంలో ఎప్పుడూ విసుగు చూడలేదు.

ఒకరోజు పాఠం జరుగుతుండగా ఆమె మధ్యలో ఆగి, లోపలి వైపు చెవి పెట్టింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

"అవ్వ పడుకున్నట్టుంది మేడం" అన్నాను.

"పడుకోలేదు. ఊరకే కూర్చోనుండాది" అంది. "పిలిచినంతకాలం నాకేం దిగుల్లేదు సరళా. ఈ మధ్య పిలవడం మానేసింది. పాట అడిగితే నాకు ఇబ్బందని అడగడం మానుకుంది. అట్ల మానుకుంటూ పోతే మనిషి దేంట్లో మిగుల్తాది?"

ఆ వారమే సెంటరుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవాటిని తీసుకుపోవడానికి మనిషి వస్తే, మేడం ఒకదాన్ని పక్కకు జరిపి, "ఇది మా అత్తకు" అంది. అతను నవ్వాడు. "ముసలామె కంప్యూటరు నేర్చుకుంటాదా మేడం?" అన్నాడు. "ఆమె నేర్చుకునేదేం లేదప్పా. ఇదే ఆమె దగ్గర నేర్చుకోవాల" అంది మేడం.

మొదట కేసెట్ల పని. టేప్ రికార్డరుకూ కంప్యూటరుకూ మధ్య ఒక వైరు కలిపి, కేసెట్టు పాడుతుంటే కంప్యూటరు దాన్ని దాచుకునేలా చేశాం. తొందరపెట్టడానికి కుదరని పని అది. పాట ఎంతసేపుంటే అంతసేపూ ఆగాల్సిందే. పిల్లలు పాఠాలు నేర్చుకుంటుంటే ఒక మూల హరికథ నడుస్తుండేది. ఆ ఎండాకాలమంతా అలా గడిచింది. కరెంటు పోయిందంటే ఆ కేసెట్టు మళ్లీ మొదటి నుంచి. తెగిన టేపుల్ని మేడం గోటితో సాపు చేసి, సన్నని ప్లాస్టరు ముక్కతో అతికించేది.

పాటలన్నీ చేరాక, వాటిని తీరుగా పేర్చే పని నాకిచ్చింది. నేను చాలా శ్రద్ధగా చేశాను. తెర మీద రంగురంగుల పట్టిక, పెద్ద అక్షరాలు, ఒక్కో పేరు పక్కన ఒక్కో బొమ్మ. గర్వంగా మేడంను పిలిచి చూపించాను. ఆమె చూసి బాగుందంది. అని, వంగి మానిటరు వైరు పీకేసింది. తెర నల్లబడింది.

"ఇప్పుడు చెప్పు. హారతి పాట యాడుండాది?"

నా చెయ్యి మౌసు మీదికి పోయింది. ఆమె కోప్పడలేదు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "నాకూ ఇప్పుడే తట్టింది. తెర తీసేద్దాం. తెర లేకుండా ఏం చేయొచ్చో చూద్దాం" అంది.

అలా ఆ కంప్యూటరుకు తెర పోయింది. కరెంటు వస్తే తనంతట తనే లేచేలా, లేచీ లేవగానే పాటలు పాడటానికి సిద్ధంగా ఉండేలా చేశాం. కీబోర్డులో కుడి పక్కన అంకెలుంటాయి కదా, అవి మాత్రం ఉంచి, మిగతా మీటలన్నిటి మీదా అట్ట బిగించాం. ఐదు మీద చిన్న బొడిపె ఉంటుంది. అవ్వ వేలికి అది తగిలితే, పైన ఎనిమిది, కింద రెండు, అన్నీ తెలుస్తాయి. ఒక్కో అంకెకు ఒక్కో రకం పాటలు. సున్నా నొక్కితే ఆగిపోతుంది. ఫ్యాను రొద పాటకు అడ్డం రాకుండా డబ్బాను గోడ గూట్లోకి తోసి, స్పీకర్లు మంచం పక్కన పెట్టాం. ఏ అంకెలో ఏముందో ముందు మేడం గొంతే చెప్తుంది, తర్వాత పాట మొదలవుతుంది. ఆ మాటలు రికార్డు చేస్తున్నప్పుడు వీధిలో ఉప్పమ్మే అతను అరుస్తూ పోయాడు. మళ్లీ చేద్దామన్నాను. "ఉండనీలే. అది మన వీధే అని తెలుస్తాది" అంది.

అవ్వ మొదటిసారి దాని ముందు కూర్చున్న రోజు నాకు బాగా గుర్తు. వేలితో వెతికి ఐదు నొక్కింది. "అత్తా, ఇది ఐదు. దీంట్లో మంగళహారతులుండాయి" అని మేడం గొంతు వచ్చింది. అవ్వ ఉలిక్కిపడి, గొంతు వచ్చిన వైపు చెయ్యి చాచింది.

"ఏమే పద్మా, యాడుండావు? డబ్బాలోకి దూరినావా?"

"ఈడే ఉండా అత్తా, నీ పక్కనే" అని మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అవ్వ పకపకా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఇక తొమ్మిది. ఎనిమిది అంకెలు నిండాయి గాని తొమ్మిదిలో ఏం పెట్టాలో తోచలేదు. ఊరికే వదిలేస్తే, నొక్కినప్పుడు ఏమీ వినపడక డబ్బా చెడిపోయిందని అవ్వ కంగారు పడుతుందని మేడం దాంట్లో కూడా చెప్పి పెట్టింది. "అత్తా, ఇది తొమ్మిది. ఇది ఖాళీ. ఏం కావాలో చెప్పు, పెడతా." అంతే.

తర్వాత రెండేళ్లు ఆ ఇల్లు పాటలతో నిండి ఉండేది. వీధిలో పోయేవాళ్లు కిటికీ దగ్గర నిలబడి విని పోయేవాళ్లు. పక్కింటి ఖాదర్ సాబు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, "అమ్మా, నాటకం పద్యాలు నొక్కమ్మా" అని అడిగేవాడు. అవ్వ పెద్ద అధికారిలా మీట నొక్కేది.

ఆ రెండేళ్ల చివర మేడంకు రొమ్ములో గడ్డ కనిపించింది. ఆమె ఎవరికీ చెప్పక ఆలస్యం చేసింది. ఆస్పత్రిలో చూపించుకునేసరికి ముదిరిపోయింది. మందులు ఎక్కించాక రోజుల తరబడి వాంతులు. జుట్టంతా పోయింది. తలకు గుడ్డ చుట్టుకుని వచ్చి పాఠం చెప్పేది. అత్తకు తెలియకూడదని ఆమె తాపత్రయం. అవ్వకు మాత్రం తెలిసిపోయింది. ఒకరోజు కోడలి తల నిమరబోతే గుడ్డ మీద చెయ్యి ఆగిపోయింది. ఆ గుడ్డ మీదనే నిమిరింది.

చివరి నెలల్లో మేడం గొంతు బాగా సన్నబడింది. నేను ధైర్యం చేసి అడిగాను. "మేడం, ఆ తొమ్మిదిలో అవ్వ కోసం నాలుగు మాటలు చెప్పి పెట్టరాదా?"

"నేను పోయినాక ఇనడానికా? వద్దు సరళా. చెప్పేది ఇప్పుడే చెప్తాండా కదా, పక్కన కూర్చోని. పోయినోళ్లు డబ్బాలో నుంచి బుద్ధులు చెప్తా ఉంటే ఉన్నోళ్లు ఎట్ల బతుకుతారు?" అంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు నేను.

ఆమె పోయింది. సెంటరు మూతపడింది. కోయిలకుంట్ల నుంచి అవ్వ కూతురు జయమ్మ, అల్లుడు వచ్చి ఆ ఇంట్లో ఉన్నారు. అవ్వను తమ ఊరికి తీసుకుపోవాలని చూస్తే ఆమె కదల్లేదు. కర్మలన్నీ ముగిసిన తర్వాత ఒకరోజు చూడటానికి వెళ్లాను. గుమ్మంలో ఉండగానే మేడం గొంతు వినిపించింది. "అత్తా, ఇది తొమ్మిది. ఇది ఖాళీ. ఏం కావాలో చెప్పు, పెడతా."

"పొద్దున్నుంచీ అదే నొక్కుతాంది" అంది జయమ్మ కళ్లొత్తుకుంటూ. "పాటలు పెట్టుకోమ్మా అంటే ఇనదు."

నేను వచ్చిన సంగతి అవ్వకు తెలియదు. మళ్లీ తొమ్మిది నొక్కింది. ఏం కావాలో చెప్పమని మేడం అడిగింది. అవ్వ మెల్లగా, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు, "ఏం వద్దులే పద్మా" అంది.

నేను పలకరించకుండానే వీధిలోకి వచ్చేశాను. కాసేపటికి మళ్లీ లోపలికి వెళ్లాను.

తర్వాత నాకు పెళ్లయింది, కడపకు వచ్చేశాను. రెండువేల తొమ్మిదిలో వరద వచ్చి కర్నూలు మునిగింది. ఆ వీధిలో నీళ్లు ఇంటి పైకప్పు దాకా లేచాయి. ఖాదర్ సాబు కొడుకులు అవ్వను కుర్చీతో సహా ఎత్తుకుని తమ మేడ మీదికి చేర్చారు. "ఆ డబ్బా తేండప్పా, నాయనా, ఆ డబ్బా" అని ఆమె అడుగుతూనే ఉందట. మనుషుల్ని కాపాడుకోవడమే గగనమైన గంటలవి.

నీళ్లు తీశాక బస్సెక్కి వెళ్లాను. గూట్లో డబ్బా నిండా బురద. అవే పాటలు ఎక్కించి మేడం జాగ్రత్తగా బీరువాలో దాచిన సీడీలు, ట్రంకుపెట్టెలో కేసెట్లు కూడా బురదలో కలిసిపోయాయి. డబ్బాలో పాటలూ మేడం గొంతూ ఉన్న డిస్కు తీసి, కడిగి, ఎండబెట్టి, తెలిసిన ప్రతి రిపేరు అంగడికీ తిప్పాను. అది కదల్లేదు. ఆ సంగతి చెప్పడానికి అవ్వ ముందు కూర్చున్నాను. ఆమే అంది, "రాలేదు కదా. నాకు తెలుసులే పాపా. నువ్వు బాధపడాకు."

నేను కడపలో ఒక పాత కంప్యూటరు సంపాదించి, పాటలన్నీ మళ్లీ పోగు చేసి, అదే తీరుగా తయారు చేశాను. ఈసారి ఏ అంకెలో ఏముందో చెప్పాల్సింది నేను. గబగబా చెప్పి ముగించి, తీసుకువెళ్లి బిగించాను. అవ్వ ఐదు నొక్కి వింది. మళ్లీ వింది.

"ఉరుకులాడతాండావు పాపా" అంది. "పద్మ అంకె చెప్పి కొంచెం నిలబడతాండె. నాకు తెలిసేదాకా ఆగి, అప్పుడు రెండో మాట చెప్తాండె."

అన్నేళ్లు ఆ గొంతు విన్నాను గాని ఆ సంగతి నేను గమనించలేదు. అక్కడే కూర్చుని మళ్లీ చెప్పాను, అవ్వ పక్కనుండి ఎక్కడ ఆగాలో చెయ్యి నొక్కి చెప్తుంటే. ఎనిమిది దాకా వచ్చాక, "తొమ్మిదిలో ఏం చెప్పమంటావవ్వా?" అని అడిగాను.

ఆమె ఆలోచించింది. "దాంట్లో ఏం చెప్పాకు. ఊరకుండనీ" అంది.

అవ్వ ఇంకొన్నేళ్లు బతికింది. అప్పుడప్పుడూ తొమ్మిది నొక్కి, కాసేపు ఊరికే కూర్చుని, తర్వాత హారతులు పెట్టుకునేదని జయమ్మ చెప్పింది.

మేడం ఫొటో నా దగ్గర ఒకటుంది. ముఖం మరిచిపోతానన్న భయం లేదు. గొంతే, ఏడాదికేడాది నాకు దూరమవుతోంది. ఎంత గుర్తుచేసుకున్నా సరిగ్గా పట్టుబడదు. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఆమె ఆగే తీరు మాత్రం నా నోటికి వచ్చేసింది. పిల్లలకు పాఠం చెప్తూ ఒక్కోసారి అలా ఆగుతాను, అవతలి మనిషికి అందిందో లేదోనని. ఆగిన చోట ఆమె గుర్తుకొస్తే, తర్వాతి మాట వెంటనే రాదు. పిల్లలు నా ముఖం వైపు చూస్తూ కూర్చుంటారు.