స్లాబు కింద కుర్చీ

డెబ్బైల చివర్లో సుబేదారి ప్రాంతంలోని మా రోడ్ల శాఖ ఆఫీసుకు ఒక కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. అంతకుముందు ఫౌజులో, అంటే సైన్యంలో, హవల్దారు. అక్కడ వంతెన కట్టినవాళ్లే ముందుగా దాటాలట. అందుకని, తాను కట్టిన ప్రతి కల్వర్టుకూ స్లాబును మోసే సెంట్రింగు పలకలు విప్పేటప్పుడు స్లాబు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అందరూ మెచ్చుకునేవారు. ఓవర్సియరునైన నాకు మాత్రం అనుమానంగా ఉండేది. పని బాగుంటే ఇంత ప్రదర్శన ఎందుకు?

నర్సంపేట రోడ్డు కల్వర్టుకూ అలాగే కూర్చున్నాడు. పలకలు ఊడాయి, స్లాబు నిలిచింది. జనమంతా స్లాబునే చూస్తున్నారు. నేను పక్కగోడ చూశాను. వానాకాలంలో రోడ్డు మట్టిని ఆపాల్సింది అదే. నేను తనిఖీ చేయకముందే దానికి ప్లాస్టరింగ్ అయిపోయింది. లోపలి రాతికట్టు ఎలా ఉందో ఇక కనిపించదు.

“జర బిల్లు మీద సంతకం పెట్టుండ్రి సార్. మీ ముంగటనే కూసున్న గద,” అన్నాడు.

“స్లాబు సంగతి సరే హవల్దార్ సాబ్. పెద్దవాన పడ్డనాడు ఆ గోడ పక్కకు కుర్చీ ఏసుకుంటరా?”

ఆయన నవ్వబోయి ఆగాడు. గోడ దగ్గరికి వెళ్లి మేస్త్రీని పిలిచాడు.

“గడ్డపార తేరా. గోడ ఇప్పు.”

“మొత్తమా సాబ్?”

“పునాది దాంక.”

పునాది రాయి కనిపించేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు.