ఓబమ్మ అడిగిన కథ

జమ్మలమడుగు చర్చిలో ఓబమ్మ ఎప్పుడూ ముందు చాపమీదే మోకరించేది. పార్టీ గొడవల్లో తన తమ్ముణ్ని చంపినవాళ్లను శిక్షించమని పదేళ్లుగా దేవుణ్ని అడుగుతోంది. సొదొమ ఊరిని దేవుడు కాల్చేసిన కథే పాస్టరు చేత మళ్లీ మళ్లీ చదివించుకునేది. ఎన్నికల మరునాడు ఎదుటి పార్టీ ఏజెంటును నరికాడని పోలీసులు ఆమె కొడుకునే పట్టుకుపోయారు.

ఆ ఆదివారం ఓబమ్మ వెనక చాపమీద ఒదిగి కూర్చుంది. పాస్టరు అలవాటుగా సొదొమ పేజీ తీయగానే, “అది వద్దయ్యా. నీనెవె ఊరిని దేవుడు క్షమించి ఇడ్సిపెట్న్యాడే, ఆ కత సదువు” అంది. పాస్టరు చనిపోయిన ఏజెంటు భార్య మార్తమ్మ వైపు చూశాడు. ఆమె తల ఎత్తకుండానే, “సదువయ్యా. ఆ ఊరోళ్లు ముందు తప్పు ఒప్పుకున్న్యారు గదా, అది గూడా సదువు” అంది. ఓబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేనే నరికినా మా. యాడా అనాకు” అని పొద్దున స్టేషన్లో కొడుకు చెప్పిన మాట ఆమె ఇంతవరకు దేవుడికి కూడా చెప్పలేదు.