బీగాల శాంతయ్య మీద పడిన నింద

నంద్యాలలో శాంతయ్యను ఇంటిపేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. బీగాల శాంతయ్య అంటే చిన్నపిల్లలు కూడా చేయి చూపిస్తారు. బళ్ళారిలో ఒక సాయిబు దగ్గర ఐదేండ్లు ఉండి పని నేర్చుకొని వచ్చి, రైలు స్టేషను రోడ్డులో రేకుల కొట్టు పెట్టుకున్నాడు. డెబ్బై నాలుగులో ఆ రోడ్డులోనే ఒక లాడ్జికి పద్నాలుగు గదుల బీగాలు చేసిచ్చాడు. ఏ గది తాళంచెవి ఆ గదికే పడుతుంది. ఓనరు దగ్గరుండే మాస్టర్ కీ మాత్రం పద్నాలుగు గదులనూ తీస్తుంది.

జనం మొదట నోళ్ళు తెరిచారు. ఆ తర్వాత అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. అన్ని తలుపులూ తీసే చెవి చేసినోడికి మన తలుపు ఒక లెక్కా? శాంతయ్య పెండ్లికి పోతే, పక్కన కూర్చున్నవాళ్ళు ఇంటికాడ ఎవరున్నారని ఒకరినొకరు మెల్లగా అడుక్కునేవాళ్ళు. పని కాగానే చెవి అచ్చును గిరాకీకి వచ్చినోళ్ళ కండ్ల ముందరే ఆకురాయితో రాకి పారేసేవాడు. అయినా నమ్మకం కలిగేది కాదు.

డెబ్బై తొమ్మిదిలో ఆళ్ళగడ్డ నుంచి జయలక్ష్మమ్మ కబురు పంపింది. భర్త పోయిన మనిషి. పద్దెనిమిది తలుపుల ఇల్లు, ఇద్దరు కొడుకులు, కోడండ్లు. ఎవరి గదికి వాళ్ళ చెవి ఉండాలి, అన్నింటినీ తీసే చెవి తన దగ్గరుండాలి అంది.

శాంతయ్య కిరస్తానం మనిషి అని ఇంట్లోకి రానీయలేదు. పాలేర్లే బీగాలు విప్పి వసారాలోకి తెచ్చిచ్చారు, మళ్ళీ వాళ్ళే బిగించారు. పదిరోజులు వసారాలోనే కూర్చుని పని ముగించాడు. బీగం లోపల లివర్లు అనే పలచటి ఇత్తడి రేకులుంటాయి. రేకుకొక గాడి ఉంటుంది, అది గది చెవికి. శాంతయ్య ప్రతి రేకుకూ రెండో గాడి కోశాడు, అది మాస్టర్ కీకి. జయలక్ష్మమ్మ ఆ చెవిని అందుకొని బొడ్లో దోపుకుంది.

మూడేండ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే చిన్నకొడుకు ఓబులేసు జీపు తీసుకొని నంద్యాల వచ్చి కొట్టు ముందర దిగాడు.

"ఏమప్పా, నా బీరువాలో పత్రం యాడ పెట్టినావ్?"

"ఏం పత్రం?" అన్నాడు శాంతయ్య.

"కాలువ కింద నాలుగెకరాల మడి పత్రం. తలుపు పగల్లేదు, బీగం పగల్లేదు. బీరువాకేమో నేను బీగమే వేయను. నీకాడ రెండో చెవి ఉండాది. జీపెక్కు. దొరక్కపోతే పోలీసోళ్ళకు అప్పజెప్తా."

పక్కనున్న టీకొట్టు దగ్గర ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. అన్నం సద్ది తెచ్చిన భార్య లూదియా గిన్నె పట్టుకొని అట్లే నిలబడిపోయింది. శాంతయ్య స్క్రూడ్రైవరు, ఆకురాయి, భూతద్దం, కొన్ని ఇత్తడి రేకులు సంచిలో వేసుకొని జీపెక్కాడు. దారిపొడవునా ఓబులేసు అతని సంచినే చూస్తూ ఉన్నాడు.

ఆళ్ళగడ్డలో వసారా నిండా మనుషులు. "నీ గది బీగమూ, మీ అన్న గది బీగమూ రెండూ విప్పి తెప్పియ్యప్పా," అన్నాడు శాంతయ్య. అందరి ముందరా వాటిని తెరిచి, రేకులు తీసి గుడ్డ మీద పరిచాడు. ముందు అన్న నారాయణ గది బీగం చూశాడు. రెండో గాడిలో మూడేండ్ల కిందట తాను రాకిన ఆకురాయి గీతలు అట్లే ఉన్నాయి. ఆ తర్వాత ఓబులేసు గది రేకులు భూతద్దం కింద పెట్టాడు. రెండో గాడి అరిగి నున్నగా మెరుస్తోంది.

శాంతయ్యకు విషయం అర్థమైంది. తాను బయటపడాలంటే ఆ ఇంటి పెద్దామె పేరు చెప్పాలి. చెబితే ఈ వసారా నుంచి కాళ్ళతో నడిచి పోనిస్తారో లేదో తెలియదు.

"చూసినావు గదా, చెప్పు," అంది గడప లోపల నుంచి జయలక్ష్మమ్మ.

"ఈ గదిని మాస్టర్ కీతో శానాసార్లు తీసినారమ్మా. మీ పెద్దకొడుకు గదిని ఒక్కసారి కూడా తీయలేదు."

"నువ్వే తీసింటావ్!" అరిచాడు ఓబులేసు.

"ఒకసారి తీస్తే ఇత్తడి అరుగుతాదా అప్పా? రోజూ తీసినా ఏండ్లు పడతాది. నన్ను ఈ గడప దాటనిచ్చినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పమను."

ఓబులేసు భార్య సరస్వతి తలుపు చాటు నుంచి అంది: "పెట్టెలో నా చీరలు మడత మారుతాండాయని మొత్తుకుంటే, ఎవరన్నా నమ్మిరా?"

జయలక్ష్మమ్మ లోపలికి పోయి పత్రం తెచ్చి కొడుకు ముందర పడేసింది. "నేనే తీసినా. ఆ మడి అమ్మి లారీ కొంటాడని తెలిసింది. వీడేం చేస్తాండాడో అని మూడేండ్లుగా వీని గది తీసి చూస్తానే ఉండా. ఇప్పుడేమంటావ్?"

ఓబులేసు పత్రం అందుకున్నాడు. శాంతయ్య వైపు తిరిగి, "నా బీగానికి ఆ రెండో గాడి ల్యాకుండా చెయ్," అన్నాడు. శాంతయ్య కొత్త రేకులు కోసి వేశాడు. జయలక్ష్మమ్మ గడపలోనే నిలబడి పని అయ్యేదాకా చూసింది. తిరిగి దింపడానికి జీపు ఇవ్వలేదు. శాంతయ్య బస్సెక్కి ఇల్లు చేరాడు.

నిజం ఆళ్ళగడ్డలోనే ఆగిపోయింది, నింద మాత్రం నంద్యాలలో నిలిచిపోయింది. లాడ్జి ఓనరు బీగాలన్నీ మార్పించాడు. "జరిగింది చెప్పుకోరాదా?" అని లూదియా పోరు పెట్టేది. "ముసలామె మాట నేను బజార్లో చెప్పేది యాడిది?" అనేవాడు. ఏడాది పాటు ట్రంకుపెట్టెల బీగాలు బాగుచేస్తూ సంసారం ఈడ్చాడు.

మరుసటి ఎండాకాలం జయలక్ష్మమ్మ కంటి ఆపరేషనుకని నంద్యాల వచ్చింది. ఒక కంటికి కట్టుతోనే రిక్షా దిగి, శాంతయ్య కొట్టు ముందరున్న స్టూలు మీద కూర్చుంది. టీకొట్టు వాళ్ళు వినేటట్టు గట్టిగా అంది:

"పత్రం తీసింది నేను. నా కొడుకు ఈయప్పను దొంగన్నాడు. నేను ఆ పొద్దే బజార్లో చెప్పాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు."

శాంతయ్య కుండలో నీళ్ళు ముంచాడు. "నీళ్ళు తాగుతావా అమ్మా?" అన్నాడు. ఆమె తాగింది.

వారం తిరక్కుండా గిరాకీ రావడం మొదలైంది. తర్వాత బనగానపల్లెలో ఒక బడికీ, రెండు లాడ్జిలకూ మాస్టర్ కీలు చేశాడు. ఇండ్లకు మాత్రం ఎంతిస్తామన్నా ఒప్పుకోలేదు. ఎందుకని లూదియా అడిగితే కంచం ముందరకు జరుపుకొని ఇంకొంచెం పప్పు వేయమన్నాడు.