నిలబడి గీసిన గడ్డం

వీధిలో అందరూ ఆయన్ని కత్తెర బాబాయి అనేవారు. జుట్టంతా నెరిసినా, పొద్దున సెలూన్ షాపు తెరిచింది మొదలు షట్టరు దించేదాకా నిలబడే ఉండేవాడు. ఆయన నోరు కత్తెరతో పోటీపడేది.

ఒక ఉదయం, కడిగిన నేల ఆరకముందే అద్దం తుడవబోయి, సబ్బునీళ్ల మీద కాలు జారి పక్కకు పడ్డాడు. లేవబోతే కుడికాలు మాట వినలేదు. ఎక్స్‌రే చూసిన డాక్టరు, తుంటిగిన్నెలో తిరిగే తొడ ఎముక, గుండు కిందున్న సన్నటి మెడ దగ్గర విరిగిందన్నాడు. ఈ వయసులో మరలు బిగించినా అతుక్కుంటుందన్న నమ్మకం తక్కువనీ, కీలే మార్చేస్తే మర్నాడే లేపి నిలబెడతామనీ చెప్పాడు.

ఆ మాటలేవీ బాబాయి చెవికెక్కలేదు. ఇక మంచమే గతి అనుకుని, షాపు ఎవరికైనా ఇచ్చేయమని భార్యతో అన్నాడు.

"ఇచ్చేద్దాంలెండి. ముందు ఆపరేషన్ కానివ్వండి," అందామె. "మీరు ఇంట్లో కూర్చుంటే ఆ కబుర్లన్నీ నేనొక్కదాన్నే వినాలి. నా వల్ల కాదు."

ఆపరేషన్ సాఫీగా జరిగింది. మర్నాడు ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి వాకర్ తెస్తే, బాబాయి మంచం ఊచ పట్టుకుని కదలనంటే కదలనన్నాడు. కొత్త కీలు ఊడిపోతుందని భయం. ఆ అమ్మాయి బతిమాలింది, భార్య కసిరింది. ఆయన వింటే కదా.

పక్క మంచం లారీ డ్రైవరుది. ఆయనకూ అదే ఆపరేషన్ అయింది, ఆ రోజే ఇంటికెళ్తున్నాడు. నర్సునడిగి ఒక ప్లాస్టిక్ రేజరు తెచ్చుకుని, కుర్చీలో కూర్చుని గడ్డం మీద యుద్ధం మొదలుపెట్టాడు. సబ్బు నానలేదు, పైగా ఎదురు గీత. చూసి చూసి బాబాయి ఉండబట్టలేకపోయాడు.

"గడ్డం అనుకున్నావా, గడ్డి అనుకున్నావా? ఇలా ఇయ్యి."

"మీరే లేచి గీయండి," అంది ఫిజియోథెరపిస్ట్, సందు దొరికిందే చాలని.

బాబాయి వాకర్ మీద బరువు వేసి లేచాడు. నొప్పి జివ్వుమంది గానీ కాలు నిలిచింది. ఆ అమ్మాయి ఆయన నడుముకు పట్టీ కట్టి వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. బాబాయి డ్రైవరు కుర్చీని దగ్గరికి జరిపించుకుని, మంచం ఊచకు పొట్ట ఆనించి, తాపీగా నురగ పట్టించాడు. గడ్డం నున్నబడ్డాక గానీ తాను నిలబడి ఉన్న సంగతి గుర్తురాలేదు. పాదాల వంక చూసుకున్నాడు. భార్య మొహం అటు తిప్పుకుంది.

"ఏడుస్తున్నావా?"

"లేదండీ, నవ్వొస్తోంది. ఆయన మీసం ఒకవైపు పొట్టయింది."

డ్రైవరు కూడా అద్దం చూసుకుని నవ్వేశాడు. బాబాయి ఇంటికెళ్లేనాటికి ఆ వార్డులో గడ్డం ఉన్న మొహమే లేదు.

గొంతుక్కూర్చోకూడదన్నారు, కాలు మీద కాలు వేయకూడదన్నారు. భార్య ఇంట్లో పొట్టి పీటలన్నీ మాయం చేసి ఆయనకు కాపలా కాసింది. నెలలు గడిచాక షాపు మళ్లీ తెరుచుకుంది. లోహపు కీలు తెల్లగా మెరిసే ఎక్స్‌రేని అద్దం పక్కన కిటికీకి తగిలించాడు. దాన్ని చూడ్డానికి మెడ తిప్పినవాళ్లకల్లా ఒక మొట్టికాయ.

తుంటి నొప్పితో ఏళ్లుగా బాధపడుతూ, ఆపరేషన్ అంటే వణికే ఒక ముసలావిడను ఆమె కోడలు షాపుకి తీసుకొచ్చింది. బాబాయి ఉన్నదున్నట్టు చెప్పాడు. మొదట్లో నొప్పి తప్పదనీ, వ్యాయామం మానేస్తే కాలు బిగుసుకుంటుందనీ, అందరికీ ఒకేలా ఉండదనీ అన్నాడు. తర్వాత షాపు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించాడు.

"నడక సరే నాయనా, గెంతగలవా?" అందావిడ.

"డాక్టరు వద్దన్నాడమ్మా. డాన్సు సంగతి మాత్రం ఆయన్ని నేనడగలేదు," అంటూ బాబాయి దువ్వెన చేత్తో పట్టుకుని, నడుము ఊపుతూ రెండు అడుగులు వేశాడు.

ముసలావిడ పళ్లు లేని నోటితో పకపకా నవ్వి, కోడలి వైపు తిరిగి, డాక్టరుతో రేపే మాట్లాడమంది.