మూడు చింతగింజలు

ఒక లెక్క తప్పు చెప్పి ఇన్నేళ్లూ బతికాను. పాల లెక్క, వడ్ల లెక్క, పిల్లలు పుట్టిన తేదీలు, ఏది అడిగినా మా ఇంట్లో నేను చెప్పిందే ఖాయం. అందుకేనేమో ఆ ఒక్క తప్పు ఇంకా లోపల బరువుగా ఉంది. మీరెవరో నాకు తెలియదు. కాబట్టే చెప్పగలుగుతున్నాను.

1948, ఎండాకాలం. మాది హుజూర్‌నగర్ దగ్గరి పల్లె. దొర ఊరు విడిచి సూర్యాపేట పోయాడు. అతని భూములు పంచడానికి ఊరే ఒక కమిటీని ఎన్నుకోవాలని సంఘంవాళ్లు చెప్పారు. అందులో ఒక చోటు ఆడవాళ్లది. మగవాళ్లు చేతులెత్తి తమవాళ్లను ఎన్నుకున్నారు. మేమెట్లా ఎత్తుతాం? చెయ్యెత్తితే తలమీది కొంగు జారుతుంది. ఎదురుగా మామలు, బావలు. అందుకని మాకు ఒక ఇంట్లో రెండు కుండలు పెట్టి, తలా ఒక చింతగింజ ఇచ్చారు. పసుపు పూసిన కుండ సైదమ్మది. సున్నం పూసింది పటేలు కోడలిది. లెక్కపెట్టే పని నాది. ఆడవాళ్లలో అంత లెక్క వచ్చింది నాకొక్కదానికే.

సైదమ్మ గొర్ల కాపరుల ఇంటి మనిషి, భర్త పోయినామె. రోజూ బావి దగ్గర నా కోసం ఆగేది. అత్తగారింట్లో నోరు విప్పని నేను ఆమె పక్కన పగలబడి నవ్వేదాన్ని. మగదిక్కు లేని ఇళ్లకూ భూమి రావాలని ఆమె పట్టు. గెలిస్తే సంఘం పనిమీద కోదాడ దాకా ఊరూరా తిరగాలట, సంబరంగా చెప్పింది. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

పసుపు కుండలో నలభై ఒకటి. సున్నం కుండలో ముప్పై తొమ్మిది. లోపల ఒక్కదాన్నే కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టాను. తర్వాత పసుపు కుండలోంచి మూడు గింజలు తీసి రొంటిన దోపుకున్నాను. ఎవరైనా చెయ్యమన్నారా? లేదు. ఆమె బావి దగ్గరికి రాని పొద్దును తలుచుకుని భయపడ్డాను, అంతే. అంత చిన్న కారణానికి ఊరి ఆడవాళ్ల మాటను మార్చేశానా? అది చిన్న కారణమని ఇప్పటికీ అనలేకపోతున్నాను. నా సిగ్గంతా అక్కడే ఉంది.

బయటికొచ్చి, సైదమ్మకు ముప్పై ఎనిమిది అన్నాను. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మంచిగ లెక్కవెట్టినవా అక్కా?"

"వెట్టిన."

"అయితే ఇగ ఓడినట్టే. నువ్వు వెట్టినంక తిరుగుంటదా?" అని నవ్వింది. "నా గొర్లకు గూడ తలా ఒక గింజ ఇయ్యకపోతిరి, గెలుస్తుంటి."

కమిటీ భూములు పంచింది. మగదిక్కు లేని ఇళ్లకు గుంట భూమి కూడా రాలేదు. పటేలు కోడలు నోరెత్తలేదు. వానలు పడకముందే సైదమ్మ మందను తోలుకుని, త్రిపురారం అవతల అన్న ఇంటికి వెళ్లిపోయింది. బావి దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ తర్వాత మిర్యాలగూడ దారిలో మంద ఎదురైన ప్రతిసారీ, దాని వెనక నడిచే మనిషి ముఖం చూశాను. ఆమె కాదు. ఓటు హక్కు వచ్చాక ఒక్క ఓటూ మానలేదు. వేలిమీది సిరా ఆరేలోగా ఒకటే ఆలోచన: లోపల లెక్కపెట్టే మనిషికి ఎవరిమీద ప్రేమ ఉందో.

సైదమ్మ ఉందో లేదో తెలియదు. మన్నించమని అడగడానికి మనిషి లేదు. లెక్క మాత్రం సరిచేయగలను.

సున్నం కుండ ముప్పై తొమ్మిది. పసుపు కుండ నలభై ఒకటి. సైదమ్మ గెలిచింది.