పెద్ద రైఫిలుకు పెట్టిన బొట్టు

కుడిచెయ్యి ఇలా మెడకి కట్టుకున్నానేమిటని అడుగుతున్నారు కదూ? ఆదివారం నుంచీ అడిగినవాళ్ళలో మీరు ఎనిమిదోవాళ్ళు. కూర్చోండి. టీ ఎడమచేత్తో పోస్తాను, ఒలికితే ఏమీ అనుకోకండి. దుప్పిని కొట్టడానికి ఏ తుపాకీ మంచిదో తేల్చుకుందామని వెళ్ళాం. తేలింది. ఎలా తేలిందో వినండి!

మా పెద్దాడు అప్పన్నకి అడవి సర్వేలో పని దొరికింది. వానలు తగ్గగానే పైబర్మా వెళ్ళాలి. నాలుగు నెలలు అడవిలోనే. అక్కడ బజారు లేదు. క్యాంపులో కూర అంటే ఎవరో ఒకరు కొట్టుకొచ్చిన దుప్పే. ఆ ఎవరో ఒకరు మా అప్పన్నే అని వాళ్ళ దొర తేల్చేశాడు. లైసెన్సు కూడా తెప్పించాడు. ఒక్క తుపాకీకే లైసెన్సు. షాపుకి చీటీ రాసిస్తే, షాపువాడు రెండు రైఫిళ్ళు చేతిలో పెట్టి, "చూసుకోండి, సోమవారం ఒకటి వెనక్కి తెచ్చెయ్యండి" అన్నాడట.

శుక్రవారం రెండూ ఇంటికొచ్చాయి. చిమిండైంగ్‌లో మా ఇల్లు మీరు చూసిందే. రెండు గదులు. రెండు తుపాకులు లోపలికొస్తే ఇద్దరు మనుషులు వరండాలోకి జరగాలి.

ఒకటి సన్నంగా, తేలిగ్గా, వెదురు గొట్టంలా ఉంది. రెండోది, అబ్బ! అహ్లోన్ రైసు మిల్లులో మా ఆయన బిగించే ఇరుసులే దానికన్నా నాజూకు.

పక్కింటి ఊ తెయిన్ వచ్చాడు. ఫారెస్టు గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. తూటాలు తన దగ్గరే ఉంచుకున్నాడు, మా మీద అంత నమ్మకం. రెండింటినీ ఎత్తి చూశాడు.

"డో సూరమ్మా, ఈ చిన్నది దుప్పికి. ఆ పెద్దది ఏనుక్కి" అన్నాడు. డో అంటే బర్మావాళ్ళ మాటలో గారు; నన్నెప్పుడూ అలా గౌరవంగానే పిలుస్తాడు. "పెద్దదాంతో దుప్పిని కొడితే మాంసం తునాతునకలే. పైగా గుర్రంలా తంతుంది. మీవాడి భుజం సంగతి మీకు తెలియనిదా?"

తెలుసు. పన్నెండేళ్ళప్పుడు అప్పన్న మిల్లు నిచ్చెన మీంచి పడి కుడిభుజం విరగ్గొట్టుకున్నాడు. వాన ముసురు పడితే ఇప్పటికీ సలుపుతుంది.

అన్నీ విన్నాను. తలూపాను. మనసులో మాత్రం ఒకటే గుబులు. అడవిలో దుప్పి ఒక్కటే ఉంటుందా? పులి రాదా? వచ్చి ఎదురుగా నిలబడితే, "ఆగవమ్మా, నాది దుప్పి తుపాకీ" అని చెప్పుకుంటాడా?

మర్నాడు మహర్నవమి. మన ఇళ్ళల్లో ఇనప సామాను అంతటికీ పూజ చేస్తాం కదా. మా ఆయన సుత్తులు, పానాలు, నా కత్తిపీట, కుట్టుమిషను, అన్నీ తుడిచి, నువ్వులనూనె రాసి, పసుపూ కుంకుమా పెడతాను. ఒకసారి పూజయ్యాక ఆ పనిముట్టుని ఏడాది తిరిగేదాకా పరాయి చేతికి ఇవ్వకూడదు. అది మా అత్తగారి నియమం. ఆవిడ పోయారు. నియమం పోలేదు.

మీకు అర్థమైపోయింది. నవ్వకండి.

మగవాళ్ళిద్దరూ స్నానాలకి వెళ్ళారు. చిన్న రైఫిలుని మంచం కిందకి తోశాను. పెద్దదాన్ని ఈడ్చి పీట మీద పెట్టాను. కర్రంతా నూనె పట్టించాను. మూడుచోట్ల పసుపు. రూపాయి కాసంత బొట్టు. హారతి ఇచ్చి లేచేసరికి అప్పన్న గుమ్మంలో ఉన్నాడు.

"ఇదేటమ్మా?"

"పూజ."

"మరి రెండోదానికో?"

"అది మనది కాదు కదరా."

మా ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఊ తెయిన్ అంతసేపు చెప్పింది ఎవరికే? గోడకా?"

అప్పన్న వాదిస్తాడనుకున్నాను. నేనూ సిద్ధంగానే ఉన్నాను. వాడు వాదించలేదు. నా మొహం వంక చూశాడు. "సర్లేమ్మా. నువ్వు పూజ చేసేసావు కదా. ఇదే పట్టుకెళ్తాను" అన్నాడు. అని, ఎడమచేత్తో కుడిభుజం ఒకసారి తడుముకున్నాడు.

అంతే. గెలిచాను. ఆ పూట పులిహోర నాకు సహించలేదు.

ఆదివారం పొద్దున్నే రెండు తుపాకులూ పట్టుకుని సంపాన్ పడవ ఎక్కి నది దాటి దల్లా వెళ్ళాం. అక్కడ వానలకి ఆగిపోయిన ఇటుక బట్టీ ఉంది. దాని వెనక కాల్చి చూసుకోవచ్చని ఊ తెయిన్ అనుమతి అడిగి పెట్టాడు.

"నీకేటి పనే అక్కడ?" అన్నాడు మా ఆయన.

"ఊరికే."

ఇటుకల మీద కిరసనాయిలు డబ్బా నిలబెట్టారు. ఊ తెయిన్ తూటా వేశాడు. అప్పన్న పెద్దదాన్ని భుజానికెత్తాడు. పళ్ళు బిగించాడు. చిన్నప్పుడు ఎముక సరిచేసేవాడి ముందు సరిగ్గా అలాగే బిగించి కూర్చున్నాడు. ఆ మొహం నేను మర్చిపోలేదు.

"ఆగు" అన్నాను. "ముందు నేను."

ముగ్గురూ వెనక్కి తిరిగారు.

"నువ్వేటమ్మా!"

"పూజ చేసింది నేను. పరీక్షా నేనే చేస్తాను."

"సూరమ్మా, అది అప్పడాల కర్ర కాదే!"

"తెలుసండీ."

ఊ తెయిన్ వద్దు వద్దంటూనే నేర్పాడు. కాళ్ళు ఎడంగా పెట్టాలి. కర్రని భుజానికి గట్టిగా అదుముకోవాలి. నేనేమో భయంతో రెండు వేళ్ళ ఎడం ఉంచాను. పైగా నేనే శ్రద్ధగా పట్టించిన నువ్వులనూనె! చేతిలో కొరమేనులా జారిపోతోంది. సింహాద్రి అప్పన్నని తలుచుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకోమని ఊ తెయిన్ చెప్పలేదు.

ఢామ్!

తర్వాత నాకు ఆకాశం కనిపించింది. డబ్బా ఉన్నచోటే ఉందట. నేను లేను. వెనకాల ఇటుక మట్టి తవ్విన గుంటలో, వాననీళ్ళలో వెల్లకిలా ఉన్నాను.

బట్టీ కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. మన శ్రీకాకుళం వైపు మనిషే. "ఏటయ్యింది బాబూ? పులేటి?"

"కాదు. మా ఆవిడ" అన్నాడు మా ఆయన. గుంటలోకి దిగి ముందు తుపాకీ ఎత్తాడు. గుడ్డతో తుడిచాడు. అప్పుడు నా వంక చూశాడు. "అది షాపువాడిదే మరి!" అని నాకే సంజాయిషీ!

ఊ తెయిన్ నవ్వలేక ఇటుకల మీద కూలబడ్డాడు.

అప్పన్న ఒక్కడే నవ్వలేదు. నన్ను లేపి కూర్చోబెట్టాడు. "నొప్పా అమ్మా?"

"లేదురా."

"చెయ్యెత్తు."

ఎత్తలేకపోయాను. ఆ బురదలోంచే చెప్పాను: "చిన్నది పట్టుకో."

పట్టుకున్నాడు. కొట్టాడు. డబ్బా ఎగిరి పడిందట. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ పడిందట. నేను డబ్బా చూడలేదు. వాడి ఎడమచెయ్యి చూస్తున్నాను. అది భుజం మీదకి పోలేదు.

తిరుగు సంపాన్‌లో వాడే మెల్లగా అడిగాడు. "మరి పూజ చేసింది పరాయి చేతికి ఇవ్వకూడదన్నావు కదమ్మా?"

"నా భుజం మీద దాని కొబ్బరికాయ అది కొట్టేసుకుంది, పూజ చెల్లిపోయింది. ఇచ్చెయ్" అన్నాను.

ఇవ్వడం అంత సులువా! పిడి దగ్గర కర్ర మీద పట్టు కోసం సన్నగా గళ్ళు చెక్కి ఉన్నాయి. ఒక్కొక్క గడిలో నా పసుపు. సాయంత్రమంతా మా ఆయన వేపపుల్ల కిరసనాయిల్లో ముంచి గీకాడు. గీకినంతసేపూ మా అత్తగారిని తలుచుకున్నాడు. మంచిగా కాదు.

ఇక చిన్నదానికి ఎడమచేత్తో బొట్టు పెట్టాను. వంకరగా వచ్చింది. నూనె రాయలేదు. పులి గురించి అడగకండి. పులి వస్తే చెట్టెక్కమని చెప్పాను.

సోమవారం తండ్రీకొడుకులు షాపుకి వెళ్ళారు. షాపాయన కళ్ళద్దాలు సర్దుకుని పెద్దదాన్ని తిప్పి తిప్పి చూశాడట. వాసన కూడా చూశాడట.

"దీంతో ఏమైనా కొట్టారా?"

"ఒక్కసారి పేలిందండి. ఒక్కటి పడింది" అన్నాడట నా కన్నకొడుకు.

"అలాగా! ఏం జంతువు? కొమ్ములు ఎంత పొడుగు?"

"కొమ్ములు లేవండి" అన్నాడట. "బొట్టుంది."